పాఠం 7: కొత్త రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ – తూటా అందకపోవడం, పేలకపోవడం: కారణాలు, పరిశీలన పద్ధతి

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• రిమ్‌ఫైర్ తూటా నిర్మాణాన్ని, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనిచేసే క్రమాన్ని వివరించగలుగుతారు.
• రైఫిల్ ఆగిపోయినప్పుడు అది ఏ దశలో ఆగిందో గుర్తించగలుగుతారు.
• లోపం తూటాలో ఉందా, మ్యాగజైన్‌లో ఉందా, రైఫిల్‌లో ఉందా అన్నది విడదీసి చెప్పగలుగుతారు.
• ఏ పరిస్థితిలో కాల్పులు వెంటనే ఆపివేయాలో తెలుసుకుంటారు.

7.1 పరిచయం

కొత్తగా కొన్న కుట్టుమిషను మొదటి రోజే దారం తెంపుతోందని అనుకుందాం. మిషను పనికిరాదని మనం వెంటనే తేల్చేయం. దారం ఎక్కించిన తీరు, సూది, దారం బిగింపు ఒకదాని తరువాత ఒకటి చూస్తాం. కొత్త రైఫిల్ మొరాయించినప్పుడు అనుసరించవలసిన పద్ధతి కూడా ఇదే. అయితే ఒక తేడా ఉంది. కుట్టుమిషను దగ్గర తొందరపడితే దారం పోతుంది. తుపాకీ దగ్గర తొందరపడితే కన్ను పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ పాఠంలో లోపాల పరిశీలన, భద్రతా నియమాలు కలిసే వస్తాయి.

ఎన్.సి.సి. శిక్షణలో మీలో కొందరు .22 రైఫిల్ కాల్చి ఉంటారు. అది ఒక్కో గుండుకు బోల్ట్‌ను చేత్తో లాగి, తోయవలసిన రకం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఆ పనిని తుపాకీయే చేసుకుంటుంది. ట్రిగ్గర్‌ను నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు పేలి, తరువాతి తూటా దానంతట అదే సిద్ధమవుతుంది. ఇలాంటి .22 రైఫిళ్లు అమెరికాలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 1960లో వచ్చిన మార్లిన్ మోడల్ 60, 1964లో వచ్చిన రూగర్ 10/22 వీటిలో బాగా పేరుపొందినవి. మన దేశంలో తుపాకులు 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల పరిధిలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా వీటిని కలిగి ఉండటం నేరం.

అయినా ఈ విషయం మనకు దూరమైనది కాదు. 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో వాడేది కూడా .22 రిమ్‌ఫైర్ తూటాను కాల్చే సెమీ ఆటోమేటిక్ ఆయుధమే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ ఈ విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలుచుకున్నారు. ఆ పోటీ వేగపు దశలో ఒక్కో గుండుకు 3 సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ సమయంలో తూటా ఇరుక్కుంటే ఎంత నష్టమో ఊహించవచ్చు.

7.2 రిమ్‌ఫైర్ తూటా నిర్మాణం

తూటాలో నాలుగు భాగాలుంటాయి: తొడుగు, రగుల్చు మందు, తుపాకి మందు, గుండు. పెద్ద తుపాకుల తూటాల్లో రగుల్చు మందు తొడుగు అడుగుభాగాన మధ్యలో, ఒక చిన్న మూతలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అలా కాదు. తొడుగు అడుగున చుట్టూ ఉండే బోలు అంచులోనే రగుల్చు మందు ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును కొట్టినప్పుడు అది పిన్‌కూ బ్యారెల్ అంచుకూ మధ్య నలిగి, మందు రగులుతుంది.

తయారీలో తడి రగుల్చు మందును తొడుగులో వేసి, వేగంగా తిప్పుతారు. అప్పుడది అంచులోకి పరుచుకుంటుంది. ఎక్కడైనా పలచబడితే, పిన్ సరిగ్గా ఆ చోటే తగిలినప్పుడు తూటా పేలదు. మంచి రైఫిల్‌లోనూ అప్పుడప్పుడు ఒక రిమ్‌ఫైర్ తూటా పేలకపోవడానికి ఇది ముఖ్య కారణం.

.22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి వాడుకలో ఉంది. సాధారణంగా దీని గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. గుండు మెత్తని సీసంతో చేసినది. పైన మైనం వంటి పూత ఉంటుంది. మెత్తని సీసం సులభంగా సొట్టపోతుంది. మైనం పూత దుమ్మును, మసిని పట్టి ఉంచుతుంది. ఈ రెండు లక్షణాలను గుర్తుంచుకోండి.

7.3 రైఫిల్ పనిచేసే క్రమం

ఒక్క గుండు పేలే సమయంలో కింది పనులు వరుసగా జరుగుతాయి.

(1) మ్యాగజైన్ తూటాను పైకి అందిస్తుంది.
(2) ముందుకు వచ్చే బోల్ట్ దాన్ని చాంబర్‌లోకి తోస్తుంది.
(3) బోల్ట్ పూర్తిగా మూసుకుంటుంది.
(4) సుత్తి పడి, ఫైరింగ్ పిన్ అంచును కొడుతుంది, తూటా పేలుతుంది.
(5) ఖాళీ తొడుగు చాంబర్ నుంచి వెనక్కి వస్తుంది.
(6) తొడుగు పక్కకు ఎగిరిపడుతుంది.
(7) వెనక్కి పోయే బోల్ట్ సుత్తిని మళ్లీ ఎక్కుపెడుతుంది.

ఈ రకం రైఫిళ్లలో సాధారణంగా బోల్ట్‌కు తాళం ఉండదు. బోల్ట్ బరువు, స్ప్రింగ్ బలం మాత్రమే దాన్ని మూసి ఉంచుతాయి. మందు పేలినప్పుడు పుట్టే పీడనం తొడుగును, దానితోపాటు బోల్ట్‌ను వెనక్కి నెడుతుంది. అంటే రైఫిల్‌ను నడిపే శక్తి తూటా నుంచే వస్తుంది. తూటా బలం తగ్గినా, లోపల రాపిడి పెరిగినా బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు. దీన్ని "కురచ కదలిక" అందాం. కొత్త రైఫిల్‌లో కనిపించే చాలా లోపాలకు మూలం ఇదే.

తూటాకు, రైఫిల్‌కు ఉన్న ఈ సంబంధం తయారీదారులకు మొదటినుంచీ తెలుసు. 1903లో అమెరికాలో వించెస్టర్ కంపెనీ తెచ్చిన .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ప్రత్యేకమైన తూటాను రూపొందించారు. అప్పట్లో నల్లమందు నింపిన మామూలు .22 తూటాలు ఇంకా అమ్ముడవుతున్నాయి. అవి వాడితే మసి పేరుకుని యంత్రం ఆగిపోతుంది. అందుకే అవి అందులో పట్టకుండా చేశారు.

7.4 పరిశీలనకు ముందు జాగ్రత్తలు

రైఫిల్ ఆగిన వెంటనే చేయవలసిన పని బాగుచేయడం కాదు, ఆగడం. కింది నియమాలను కంఠస్థం చేయండి.

• గొట్టం మూతిని లక్ష్యం వైపే ఉంచండి. వేలిని ట్రిగ్గర్ నుంచి తీయండి.
• ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు కదలకుండా వేచి ఉండండి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి.
• తరువాత ముందుగా మ్యాగజైన్ తీయండి. ఆ పిమ్మట బోల్ట్ లాగండి. ఈ వరుస తారుమారైతే బోల్ట్ మరో తూటాను చాంబర్‌లోకి ఎక్కిస్తుంది.
• చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తాకి నిర్ధారించుకోండి.
• ఇరుక్కున్న తూటా అంచును ఇనుప పనిముట్టుతో పొడవకండి. రగుల్చు మందు ఉన్నది ఆ అంచులోనే. బోల్ట్ మూసుకోకపోతే దాన్ని కొట్టి మూయకండి.
• కళ్లద్దాలు, చెవి రక్షణ ఎల్లప్పుడూ ధరించండి.

మరొక ప్రమాదం అన్నిటికన్నా ముఖ్యమైనది. మామూలు శబ్దం రాకుండా "టప్" అని నీరసంగా వినిపిస్తే గుండు గొట్టం మధ్యలోనే ఆగి ఉండవచ్చు. దాని వెనుక మరో గుండు పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. కాబట్టి వెంటనే కాల్పులు ఆపి, రైఫిల్ ఖాళీ చేసి, శుభ్రపరిచే కడ్డీతో గొట్టం తెరిపిగా ఉందో లేదో చూడాలి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో నీరసపు శబ్దం తరువాత బోల్ట్ దానంతట అది తూటాను ఎక్కించకపోవచ్చు. అలవాటు కొద్దీ చేత్తో బోల్ట్ లాగి మళ్లీ కాల్చేవారికే ఈ ప్రమాదం ఎదురవుతుంది.

7.5 తూటా అందడంలో లోపాలు

(అ) బోల్ట్ ఖాళీ చాంబర్‌పై మూసుకోవడం: మ్యాగజైన్ పూర్తిగా బిగుసుకోకపోతే తూటా కిందనే ఉండిపోతుంది. మ్యాగజైన్‌ను నొక్కి, లాగి చూడండి. అది సరిగ్గానే ఉంటే కురచ కదలికను అనుమానించాలి. బోల్ట్ తూటా వెనక్కి చేరకముందే తిరిగి ముందుకు వచ్చిందన్నమాట.

(ఆ) గుండు ముక్కు చాంబర్ అంచుకు తగిలి ఆగిపోవడం: మ్యాగజైన్ పైపెదవులు వంగినా, లోపలి స్ప్రింగ్ బలహీనపడినా ఇలా జరుగుతుంది. నిలువుగా పేర్చే మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనుక ఉంటే రెండూ ఒకదానికొకటి పట్టుకుంటాయి. రూగర్ 10/22 మ్యాగజైన్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే చక్రపు గాళ్లలో విడివిడిగా ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

(ఇ) బోల్ట్ వెంట్రుకవాసి మూసుకోకుండా ఆగడం: కొత్త రైఫిల్‌కు తుప్పు పట్టకుండా కర్మాగారంలో పూసిన గ్రీజు, చాంబర్‌లో పేరుకున్న మైనం, మసి దీనికి సాధారణ కారణాలు. బోల్ట్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదలడం మరో కారణం. దాన్ని పూర్తిగా వెనక్కి లాగి, చేయి వదిలేయాలి. చాంబర్ బిగువుగా ఉన్న రైఫిళ్లలో పొడవు తొడుగు గల అతివేగపు తూటాలు పట్టకపోవచ్చు. తయారీదారు సూచనల పుస్తకం చూడండి.

7.6 తూటా పేలడంలో లోపాలు

పేలని తూటా అంచుపై పిన్ వేసిన గుర్తు చూస్తే సగం సమాధానం దొరుకుతుంది.

• గుర్తు లోతుగా, స్పష్టంగా ఉంటే: రైఫిల్ తన పని చేసింది. లోపం తూటాది.
• గుర్తు పైపైన ఉంటే: పిన్ కదిలే గాడిలో గ్రీజు, మురికి ఉండవచ్చు. లేదా బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవడం వల్ల సుత్తి దెబ్బలో కొంత భాగం బోల్ట్‌ను ముందుకు నెట్టడానికే ఖర్చయి ఉండవచ్చు.
• గుర్తే లేకపోతే: సుత్తి ఎక్కుపడలేదు, లేదా పిన్ విరిగింది.

తూటా లేకుండా ఊరకే ట్రిగ్గర్ నొక్కడం కొన్ని రిమ్‌ఫైర్ తుపాకులకు హానికరం. పిన్ నేరుగా చాంబర్ అంచును కొట్టి అక్కడ గరుకు లేపుతుంది. ఆ గరుకు వల్ల తూటా లోపలికి వెళ్లదు, తొడుగు బయటికి రాదు. మీ రైఫిల్ సూచనల పుస్తకం అనుమతిస్తేనే అలా చేయండి.

7.7 తొడుగు బయటికి రావడంలో లోపాలు

ఖాళీ తొడుగు పొగగొట్టంలా నిలబడి బోల్ట్ కింద చిక్కుకుంటే అది చాలావరకు కురచ కదలికే. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. గురి కోసం చేసే సాధారణ వేగపు తూటాల వేగం అంతకన్నా కొద్దిగా తక్కువ. అధిక వేగపు తూటాల వేగం సుమారు 365–390 మీటర్లు. బిర్రుగా ఉన్న కొత్త రైఫిల్‌ను కొన్నిసార్లు మొదటి రకం తూటాలు పూర్తిగా నడపలేవు.

తొడుగు చాంబర్‌లోనే ఉండిపోయి, దాని వెనుక కొత్త తూటా వచ్చి గుచ్చుకుంటే, తొడుగును పట్టి లాగే కొక్కేన్ని చూడండి. దాని కింద మురికి చేరితే పట్టు జారుతుంది.

7.8 ఒక ఉదాహరణ

పరిశీలనలో ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే రైఫిల్ బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు.

ఒక కొత్త రైఫిల్, రెండు మ్యాగజైన్లు, రెండు రకాల తూటాలు ఉన్నాయని అనుకుందాం. మ్యాగజైన్లపై 1, 2 అని రాయండి. సాధారణ వేగపు తూటాలు ఒక్కో మ్యాగజైన్‌తో 20 చొప్పున కాల్చారు. మొదటి దానితో 4 సార్లు, రెండో దానితో 3 సార్లు తొడుగు చిక్కుకుంది. అధిక వేగపు తూటాలతో రెండింటిలోనూ ఒక్కసారీ ఆగలేదు. మ్యాగజైన్ మార్చినా లోపం పోలేదు. తూటా మార్చగానే పోయింది. కనుక కారణం కురచ కదలిక. ఇప్పుడు గ్రీజు తుడిచి, చాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి, రాపిడి చోట్ల పలచగా నూనె రాసి, సాధారణ వేగపు తూటాలు మళ్లీ కాల్చి చూడాలి. నూనె ఎక్కువైతే అదే మసిని పట్టి ఉంచుతుందని మరవకండి.

ఆగడాలన్నీ 2వ మ్యాగజైన్‌తోనే జరిగి ఉంటే రైఫిల్ జోలికి పోనక్కరలేదు. పై రెండూ కాక, శుభ్రం చేసినా అన్ని తూటాలతోనూ గుర్తు పైపైనే పడుతుంటే రైఫిల్‌ను తయారీదారుకు లేదా లైసెన్సు గల మరమ్మతుదారుకు ఇవ్వాలి. స్ప్రింగ్ కత్తిరించడం, భాగాలను ఆకురాయితో అరగదీయడం చేయకూడదు. ఒక్కసారి నొక్కితే రెండు గుండ్లు పేలినా ఆ రైఫిల్‌ను ఇక కాల్చకూడదు.

7.9 సారాంశం

రైఫిల్ ఆగిన తీరే లోపం ఎక్కడుందో చెబుతుంది. ముందు వేచి ఉండండి, తరువాత ఖాళీ చేయండి, ఆ తరువాతే పరిశీలించండి. శుభ్రత, తూటా, మ్యాగజైన్ – ఈ వరుసలో ఒక్కొక్కటే మార్చి చూస్తే కొత్త రైఫిల్ లోపాల్లో చాలావరకు పనిముట్టు పట్టకుండానే తేలిపోతాయి.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రైఫిల్ ఖాళీ చేసేటప్పుడు బోల్ట్ కన్నా ముందు మ్యాగజైన్ ఎందుకు తీయాలి?
2. పేలని తూటాపై లోతైన గుర్తు ఉంటే లోపం దేనిది?
3. నీరసమైన శబ్దం వినిపిస్తే ఏం చేయాలి?

జవాబులు: 1. బోల్ట్ లాగినప్పుడు మరో తూటా చాంబర్‌లోకి ఎక్కకుండా ఉండటానికి. 2. తూటాది. 3. కాల్పులు ఆపి, రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలో గుండు ఆగిందేమో చూడాలి.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనిచేసే క్రమాన్ని వివరించి, ఒక్కో దశలో రాగల లోపాన్ని పేర్కొనండి.
2. "కురచ కదలిక" అంటే ఏమిటి? దాన్ని ఎలా నిర్ధారిస్తారు?