సెల్టోస్‌ను లోపలి నుంచి చూశారా?

ఉయ్యూరు సెంటర్లో ఓ పది నిమిషాలు నిలబడండి. బందరు రోడ్డు మీద విజయవాడ వైపు పోయే కార్లలో కియా సెల్టోస్ ఒకటైనా కనిపించకపోదు. ధరెంత, మైలేజీ ఎంత అంటే కుర్రాళ్లు టకటకా చెప్పేస్తారు. వెనక చక్రాలకు ఏ సస్పెన్షన్ పెట్టారు, ఇంజిన్ 1,497 సీసీ దగ్గరే ఎందుకు ఆగింది అని అడిగితే మాత్రం మెకానికల్ ఫైనలియర్ వాళ్లు కూడా తడుముకుంటారు. ఇంటర్వ్యూలో సబ్జెక్టు ఎంతుందో బయటపడేది అలాంటి ప్రశ్నల దగ్గరే. పది చాప్టర్లు బట్టీ పట్టడం కన్నా ఒక్క బండిని పూర్తిగా అర్థం చేసుకుని వెళ్లడం మేలు. మన రాష్ట్రంలోనే తయారవుతున్న సెల్టోస్ అందుకు సరిగ్గా సరిపోతుంది.

కియా 1944లో కొరియాలో స్టీలు ట్యూబులు, సైకిల్ విడిభాగాలు చేసే కంపెనీగా మొదలైంది. 1997లో దివాలా తీస్తే మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వచ్చింది. మన ప్రభుత్వంతో ఒప్పందం 2017 ఏప్రిల్‌లో కుదిరింది. అప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలు, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2018 ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ పేరుతో చూపించిన బండే 2019 ఆగస్టు 22న సెల్టోస్‌గా మార్కెట్లోకి వచ్చింది. అన్నట్టు, ఆ ప్లాంటుకు నీళ్లిచ్చేది గొల్లపల్లి రిజర్వాయర్. అందులోకి హంద్రీ-నీవా కాలువ తెచ్చేది శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లే. మన పొలాలకు పారే నదే అక్కడ కార్లకూ పనికొస్తోంది.

ఛాసిస్ ఎక్కడుంది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం చూసే ఉంటారు. ఛాసిస్ వేరుగా వస్తుంది, దాని మీద బాడీ వేరుగా కడతారు. బొలెరో, స్కార్పియో లాంటివీ ఈ పద్ధతివే. సెల్టోస్‌లో వేరే ఛాసిస్ ఉండదు. స్టీలు రేకులను ప్రెస్‌లో ఒత్తి, స్పాట్ వెల్డింగ్‌తో ఒకే గూడులా చేస్తారు. ఇదే మోనోకాక్. బరువు తగ్గుతుంది, కుదుపులు తగ్గుతాయి. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్. టార్షన్ బీమ్ ఖర్చు తక్కువ, డిక్కీలో చోటు మిగులుతుంది. ఇండియాలో అమ్మే సెల్టోస్‌లో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. బురదలో దిగబడితే ఫోర్ వీల్ డ్రైవ్ ఆదుకుంటుందని ఆశ పెట్టుకోకూడదు. చూపుకి ఎస్‌యూవీ, లోపల కారు.

మోనోకాక్‌లో గూడే ప్రాణం. 2020 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌ను గుద్దించి చూస్తే పెద్దల రక్షణకు 3 స్టార్లు, పిల్లల రక్షణకు 2 స్టార్లే వచ్చాయి. బాడీ షెల్ ‘అన్‌స్టేబుల్’ అని నివేదికలో రాశారు. 2022లో అన్ని వేరియంట్లకూ 6 ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. కానీ ఎయిర్‌బ్యాగు వేరు, గూడు గట్టితనం వేరు. ఈ తేడాను ఉదాహరణతో చెప్పగలిగిన అభ్యర్థి మాట ఏ ప్యానెలైనా ఆగి వింటుంది.

ఇక 1,497 సీసీ సంగతి. సెల్టోస్ వచ్చేనాటి జీఎస్టీ రూలు ప్రకారం పొడవు 4 మీటర్లు, ఇంజిన్ 1,500 సీసీ దాటి, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటేనే ఎస్‌యూవీ. దానికి సెస్‌తో కలిపి పన్ను 50 శాతం. సీసీ 1,500 లోపే ఉంటే 45. 2019లో వచ్చిన సెల్టోస్ పొడవు 4,315 మిల్లీమీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1,497, డీజిల్ 1,493 సీసీ. అంటే పన్ను లెక్కలో అది ఎస్‌యూవీయే కాదు! 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ 40 శాతమే అయింది కానీ, ఇంజిన్ సైజు పుస్తకంలోని ఫార్ములాతోనే తేలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాకు ఈ బండిలో అన్నిటికన్నా నచ్చేది గేర్‌బాక్సుల వ్యవహారం. 2019లోనే ఒకే మోడల్‌లో మూడు రకాల ఆటోమేటిక్‌లు ఇచ్చారు. మామూలు పెట్రోల్‌కు సీవీటీ రకం. అందులో మెట్లలాంటి గేర్లుండవు, రెండు పుల్లీల వెడల్పు మారుతూ నిష్పత్తి మారుతుంది. డీజిల్‌కు టార్క్ కన్వర్టర్, ఆయిల్ ద్వారా శక్తి అందుతుంది. టర్బో పెట్రోల్‌కు 7 గేర్ల డ్యూయల్ క్లచ్. బేసి గేర్లకో క్లచ్, సరి గేర్లకో క్లచ్. మూడో గేర్లో పోతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. డీజిల్‌కు టార్క్ ఎక్కువ, అందుకు తట్టుకునేది కావాలి. ఊళ్లో మెల్లగా తిరిగేవాళ్లకు సీవీటీ నున్నగా ఉంటుంది. ఎవరికి ఏది, ఎందుకు అన్నది మీరే కాగితం మీద రాసి చూడండి. ఇంకో లెక్క: 2023లో వచ్చిన టర్బో ఇంజిన్ 1,482 సీసీ, 160 పీఎస్. మామూలు ఇంజిన్ 1,497 సీసీ అయినా 115 పీఎస్సే. సీసీ దాదాపు అంతే ఉన్నా 45 పీఎస్ ఎక్కడి నుంచి వచ్చింది? టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ చాప్టర్లు తీయండి.

ఉద్యోగం ఎక్కడ?

కార్ల ప్లాంటులో ప్రెస్, బాడీ, పెయింట్, అసెంబ్లీ షాపులుంటాయి. లైను మీద పనులకు ఐటీఐ, డిప్లొమా వాళ్లనే ఎక్కువగా తీసుకుంటారు. వెల్డింగ్ రోబోల పుణ్యమా అని ఎలక్ట్రికల్, ఈసీఈ వాళ్లకూ మెయింటెనెన్స్‌లో చోటుంది. బీటెక్ చేసి డిజైనే కావాలంటే దారి వేరు. కియా, హ్యుందాయ్ ప్రధాన పరిశోధన కేంద్రం కొరియాలోని నమ్యాంగ్‌లో ఉంది, హ్యుందాయ్ గ్రూపు ఇంజినీరింగ్ సెంటర్ మన హైదరాబాద్‌లో ఉంది. అటు చూసేవాళ్లు క్యాడ్‌తో ఆగకుండా సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కూడా పట్టాలి.

పెనుకొండ దూరం అనుకుంటే మన జిల్లాలోనే హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. కారులో గూడు, బస్సులో ఛాసిస్ మీద బాడీ. రెండూ పోల్చి చెప్పడానికి సిద్ధమై వెళ్లండి.

ఏ ప్లాంటుకు వెళ్లినా ఆఫర్ లెటర్ తీసుకునే ముందు మూడు సంగతులు నోరు తెరిచి అడగండి: కంపెనీ రోల్సా, కాంట్రాక్టరు తరఫునా, అప్రెంటిస్‌షిప్పా? ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఆ తర్వాత పర్మనెంట్ చేసే పద్ధతేంటి? హాస్టలు, బస్సు ఖర్చు జీతంలోంచి కోస్తారా? నోటిమాటగా చెబితే సరిపోదు, కాగితం మీద చూపించమనండి.