స్విచ్చి ఆపినా ఆగని నిప్పురవ్వ: చిన్న విమానాల ఇంజనులో ఇగ్నిషన్ లోపాలు

హోసూరు, ఆనేకల్లు పరిసర గ్రామాల నుండి జిగణి పారిశ్రామిక వాడకు పనికి వెళ్ళివచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఐ.టి.ఐ. ముగించిన మన పిల్లలలో కొందరు ఇప్పుడు విమాన నిర్వహణ శిక్షణ వైపు కూడా దృష్టి సారిస్తున్నారు. అటువంటి పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల జిగణిలో కలిసినపుడు ఇలా అడిగాడు: "సార్, విమానం ఎగిరే ముందు ఒక్కొక్క మాగ్నెటోను ఆపి చూస్తారు. అప్పుడు ఇంజను చుట్లు కొంచెం తగ్గాలట. అసలు తగ్గకపోతే ఇంకా మంచిదే కదా?"

మంచిది కాదు. ఇగ్నిషన్‌కు సంబంధించిన లక్షణాలలో మనిషి ప్రాణానికి అత్యంత ప్రమాదకరమైనది అదే. కారణం తెలియాలంటే మాగ్నెటో పనితీరును ముందుగా గ్రహించాలి.

బ్యాటరీ అక్కరలేని విద్యుత్తు

హోసూరులో 1980లో తయారీ మొదలైన టీవీఎస్ 50 మోపెడ్‌ను మన పల్లెలలో ఎరుగనివారు లేరు. బ్యాటరీ లేకుండానే దాని ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది. ఇంజనుతోపాటు తిరిగే అయస్కాంతమే ఆ విద్యుత్తుకు మూలం. విమానపు మాగ్నెటో కూడా ఆ వంశానికి చెందినదే. అందులో లావు తీగతో కొద్ది చుట్లు గల తీగచుట్ట ఒకటి, దానిపైన సన్నని తీగతో వేల చుట్లు గల మరొకటి ఉంటాయి. అయస్కాంతం తిరిగేటప్పుడు మొదటి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. సరైన క్షణంలో పాయింట్లు విడివడి ఆ ప్రవాహం హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ అదటుకు రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనం ఏర్పడి ప్లగ్గు కొన వద్ద రవ్వగా దూకుతుంది. పాయింట్లు కాలిపోకుండా కండెన్సర్ కాపాడుతుంది.

ఈ అధిక వోల్టేజి మాగ్నెటోను 1902లో జర్మనీలోని బాష్ సంస్థలో గోట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు రూపొందించాడు. ఆ సంస్థ భారతీయ శాఖయే 1951లో బెంగళూరులో ఏర్పడి, ఆడుగోడి కర్మాగారం ద్వారా 'మైకో'గా మనకు సుపరిచితమైంది. దాని పేరు 2008లో బాష్‌గా మారింది. అదే 1951లో, బెంగళూరు హిందుస్థాన్ సంస్థ నిర్మించిన శిక్షణ విమానం హెచ్.టి.-2 తొలిసారి గాలిలోకి లేచింది. హోసూరు సమీపంలోని బెళగొండపల్లిలో తనేజా సంస్థ నిర్మించిన పి-68సి విమానానికి రెండు లైకమింగ్ పిస్టన్ ఇంజనులు ఉంటాయి. కనుక ఈ విద్య మన పొలిమేరకు కొత్తది కాదు.

విమానపు ఇంజనుకు మాగ్నెటోలు రెండు. ప్రతి సిలిండరుకూ ప్లగ్గులు రెండు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మాగ్నెటో రవ్వనందిస్తుంది. ఒకటి చెడినా రెండవది విమానాన్ని నేలకు చేరుస్తుంది. అంతేకాక, రెండు వైపుల నుండి నిప్పంటుకొనుట వలన ఇంధనం త్వరగా, సమంగా మండుతుంది.

స్విచ్చి రహస్యం

ఇంటి దీపానికి స్విచ్చి ఆపితే తీగ తెగుతుంది, దీపం ఆరుతుంది. మాగ్నెటో స్విచ్చి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆపినపుడు అది మాగ్నెటో మొదటి చుట్టను ఎర్తుకు కలుపుతుంది. విద్యుత్తు ఎర్తులోకి పోవుట వలన రవ్వ పుట్టదు. ఇప్పుడు ఆ ఎర్తు తీగ తెగిందనుకోండి. ఇంటి దీపమైతే ఆరిపోయేది. మాగ్నెటో మాత్రం ఎన్నటికీ ఆగదు. ఆకాశంలో తీగ తెగినా ఇంజను ఆగరాదనే ఉద్దేశంతోనే ఈ ఏర్పాటు చేశారు. గాలిలో రక్షించే ఆ ఏర్పాటే నేలమీద ప్రమాదకరం కాగలదు. తాళంచెవి జేబులో ఉన్నా, సిలిండరులో కొద్దిగా ఇంధనం మిగిలి ఉంటే, ఎవరైనా ప్రొపెల్లరును చేతితో కదిపినపుడు ఇంజను ఒక్కసారిగా తిరగవచ్చు.

ఎగిరే ముందు పరీక్ష

సెస్నా 172 వంటి విమానంలో ఇంజనును నిమిషానికి 1800 చుట్ల వద్ద ఉంచి, ఒక్కొక్క మాగ్నెటోపై నడిపి చూస్తారు. ఒకే ప్లగ్గుతో మంట నెమ్మదిస్తుంది గనుక చుట్లు తగ్గడం సహజం. ఆ తగ్గుదల 150 మించరాదు; రెండు మాగ్నెటోల మధ్య తేడా 50 మించరాదు. ప్రతి విమానానికీ దాని గ్రంథంలో చెప్పిన అంకెలే ప్రమాణం. 1993లో తొలిసారి ఎగిరిన మన హంస విమానపు తరువాతి రూపం హంస-3లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల రోటాక్స్ ఇంజను ఉన్నది. దాని లెక్కలు వేరు.

లక్షణాన్ని బట్టి లోపం

1. చుట్లు ఎక్కువగా తగ్గి, ఇంజను దడదడలాడితే: ఒక సిలిండరులో రవ్వ పడుట లేదని అర్థం. సాధారణంగా ప్లగ్గుకు కార్బన్, నూనె లేక సీసం పట్టి ఉంటుంది. విమాన పెట్రోలులో సీసం కలుస్తుంది. అది చిన్న పూసలుగా ప్లగ్గులో పేరుకుంటుంది. బెంగళూరు, జిగణి, హోసూరు సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఇక్కడి పలుచని గాలిలో మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గులు త్వరగా నల్లబడతాయి. గ్రంథంలో చెప్పిన పద్ధతిలో మిశ్రమాన్ని పలుచన చేసి, కొద్దిసేపు నడిపితే తేలికపాటి మసి కాలిపోతుంది. మళ్ళీ పరీక్షించినా లోపం పోకుంటే ఎగరరాదు.

2. చెడిన ప్లగ్గు ఏది?: లోపమున్న మాగ్నెటోపై కొద్దిసేపు నడిపి ఇంజనును ఆపుతారు. చల్లగా ఉన్న సిలిండరే దోషి. దీనిని ఉష్ణమాపకంతో చూడాలి గాని చేయి పెట్టి చూడరాదు. తరువాత ఆ ప్లగ్గును వేరొక సిలిండరులోని ప్లగ్గుతో మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతోపాటు కదిలితే తప్పు ప్లగ్గుదే. కదలకుంటే తీగనో, మాగ్నెటోనో అనుమానించాలి. నేలమీద పడిన ప్లగ్గును తిరిగి బిగించరాదు. లోపలి పింగాణీ పగులు కంటికి కనబడదు.

3. చుట్లు ఎక్కువగా తగ్గినా ఇంజను నునుపుగా నడిస్తే: ముందు మిశ్రమాన్ని సరిచేసి చూడాలి. అప్పటికీ మారకుంటే టైమింగు వెనుకబడి ఉండవచ్చు. పాయింట్లను నెట్టే ముక్క అరుగుతున్నకొద్దీ టైమింగు జరుగుతుంది. అందుకే చాలా మాగ్నెటోలకు 500 గంటలకొకసారి విప్పి చూడవలెనని తయారీదారులు చెబుతారు.

4. స్టార్టు కాకుంటే: స్టార్టు చేసేటప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది గనుక మాగ్నెటోకు వేగం చాలదు. అందులోని స్ప్రింగు ముడుచుకొని "టక్" మని విడివడి ఆ వేగాన్నిస్తుంది; రవ్వను కూడా కొంత ఆలస్యం చేస్తుంది. ఇది పట్టుకుపోతే ఇంజను అంటుకోదు, లేదా వెనక్కు తన్నవచ్చు.

5. ఎత్తుకు వెళ్ళినపుడే దడ పుడితే: పలుచని గాలిలో, తేమలో అధిక వోల్టేజి దారితప్పి మాగ్నెటో లోపలే దూకుతూ ఉండవచ్చు. తీగల పైపూత పగుళ్ళను కూడా చూడాలి.

6. చుట్లు అసలు తగ్గకుంటే: ఎర్తు తీగ తెగి ఉండవచ్చు, లేదా స్విచ్చి చెడి ఉండవచ్చు. తగ్గుదల మరీ స్వల్పమై ఇంజను వేడెక్కుతుంటే టైమింగు ముందుకు జరిగి ఉండవచ్చు. ఎర్తు అనుమానం ఉంటే అతి తక్కువ చుట్ల వద్ద స్విచ్చిని ఒక్క క్షణం ఆపి చూస్తారు. ఇంజను చావబోయినట్లు కావాలి. కాకుంటే ఇంధనం మూసి ఇంజనును ఆపి, ప్రొపెల్లరు వద్ద ఎవరినీ రానీయక, హెచ్చరిక పలక కట్టి మెకానిక్కును పిలవాలి. మరమ్మతు పని పౌర విమానయాన శాఖ లైసెన్సు గలవారి సంతకంతోనే పూర్తి కావాలి.

ఇంటికి పనికివచ్చే పాఠం

విమానం మన పొలానికి రాకపోవచ్చు గాని, గడ్డికోత యంత్రం, మందుకొట్టే పంపు ఎన్నో ఇండ్లలో ఉన్నాయి. వాటి చిన్న పెట్రోలు ఇంజనులలోనూ స్విచ్చి చేసేది ఎర్తుకు కలపడమే. తీగ ఒరిసి తెగితే స్విచ్చి నొక్కినా రవ్వ ఆగదు. కనుక బ్లేడులో చిక్కిన గడ్డిని తీసే ముందు స్విచ్చిని నమ్మక, ఇంజను పూర్తిగా ఆగిన తరువాత ప్లగ్గు టోపీని లాగి పక్కన పెట్టండి. పిల్లలకు కూడా ఇదే నేర్పండి.

నా విద్యార్థికి చెప్పిన సమాధానమూ ఇదే. తగ్గవలసిన చోట చుట్లు తగ్గితే, స్విచ్చి మాట మాగ్నెటో వింటున్నదని తెలుస్తుంది. తగ్గకపోతే, ఆపివేసిన ఇంజను ముందు కూడా నిలబడరాదు.