ఢిల్లీలో తెలుగు విద్యార్థి భోజనము

చదువు నిమిత్తము ఢిల్లీ చేరిన తెలుగు విద్యార్థికి తొలి పరీక్ష భోజనశాలయందే ఎదురగును. పప్పన్నము, గోంగూర పచ్చడి ఎరిగిన నాలుకకు రొట్టెయు, రాజ్మాయు కొత్తగా తోచును. సెలవునాడు అశోకా రోడ్డునందలి ఆంధ్రా భవన్ భోజనము ఊరట గూర్చును. కాని నిత్యము అచ్చటికి పోవుట సాధ్యము కాదు.

రుచింపలేదని పస్తుండరాదు. అన్నముతో రాజ్మా మన పప్పన్నము వంటిదే. బియ్యమునందలి మాంసకృత్తుల లోపమును ఆ గింజలు పూరించును.

అయితే గదిలో వండుకొనువారు ఒక్క జాగ్రత్త మరువరాదు. సరిగా ఉడకని రాజ్మాయందు విషపదార్థము నిలిచి, కొద్ది గంటలలోనే వాంతులు, విరేచనములు కలిగించును. గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్తనీట కనీసము 30 నిమిషములు కుతకుత ఉడికించి, మెత్తబడిన పిమ్మటనే తినవలెను. సన్నని సెగపై ఉడికించుట చాలదు.

వాంతులు, విరేచనములు మొదలైనచో ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగుచు, తగ్గనిచో వైద్యుని చూడుడు.