సమాధి రాళ్లమీది మన యింటిపేర్లు

కడచిన సంవత్సరము మా సంఘములో వృద్ధ సభ్యుడొకరు కాలధర్మము చెందిరి. ఆయన వాటా ధనమును వారసుల పేర మార్చుకొనుటకై కుమారులిద్దరు ఆఫీసునకు వచ్చిరి. పాత రిజిస్టరులో ఆయన పేరునకు ముందు ఒకే యొక అక్షరమున్నది. అది యే యింటిపేరునకు గుర్తో కుమారులు చెప్పలేకపోయిరి. తమిళనాడులో మనవారు పేరునకు ముందు తండ్రి పేరులోని అక్షరము పెట్టుకొను అలవాటులో పడి, ఇంటిపేరును పెండ్లి సంబంధములప్పుడు తప్ప తలచుట మానిరి.

మరునాడు ముగ్గురమును మనవారి రుద్రభూమికి పోతిమి. వారి తాతగారి సమాధి రాయి తుమ్మచెట్టు క్రింద సగము మట్టిలో నున్నది. మట్టి తీయగా ఇంటిపేరు, పేరు, గోత్రము, సంవత్సరము, తిథి, వారము అన్నియు తెలుగులో కనబడినవి. నేను చదువుచుండగా పెద్ద కుమారుడు తమిళ లిపిలో వ్రాసికొనెను. తాతగారి పేరును తాను చదువలేకపోయినందుకు ఆతడు తల వంచుకొనెను.

సమాధుల మీది వ్రాతలను సేకరించుట క్రొత్త పని కాదు. డచ్చి కంపెనీవారు పదునేడవ శతాబ్ది ఆరంభమున మచిలీపట్టణమునను, 1610లో పులికాటునను వర్తక స్థానములు పెట్టి, మన తీరపు నేతగాండ్రు నేసిన బట్టలను తూర్పు దీవులకు పంపి లాభములు గడించిరి. వారి సమాధులు పులికాటులో నేటికిని నిలిచియున్నవి. డచ్చివారి కట్టడములను గూర్చి అలెగ్జాండరు రే 1897లో గ్రంథము వ్రాసెను. మదరాసు రాజధానిలోని సమాధి వ్రాతల పట్టికను జె. జె. కాటన్ 1905లో ప్రకటించెను. దక్షిణాసియాలోని ఐరోపావారి శ్మశానముల కొరకు 1976లో ఇంగ్లండులో ఒక సంఘము ఏర్పడినది. దాని స్వచ్ఛంద సేవకులు ఎత్తి వ్రాసిన కాగితములు బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నవి.

బట్ట కొన్నవారి పేర్లు గ్రంథములకెక్కినవి. బట్ట నేసినవారి పేర్లు మన రుద్రభూములలో మట్టి క్రింద నున్నవి. వాటిని మనము తప్ప మరియొకరు ఎత్తి వ్రాయరు.

ఈ పనికి ముగ్గురు చాలును. తెలుగు చదువగల పెద్ద ఒకరు, వ్రాయువారు ఒకరు, సరిచూచువారు ఒకరు. ముందుగా కులపెద్దల అనుమతి పొందవలెను. సమాధులకు వరుసగా నంబర్లు వేసి పటము గీయవలెను. రాతిని మెత్తని కుంచెతోను నీటితోను మాత్రమే శుభ్రము చేయవలెను. ఇనుప బ్రష్షు, ఆమ్లము తగిలినచో ఉన్న అక్షరములును పోవును. ఉదయపు ఏటవాలు వెలుగులో అరిగిన అక్షరములు చక్కగా తెలియును. నీడ యున్నచోట అద్దముతో వెలుగు త్రిప్పవచ్చును. సెల్‌ఫోనుతో ఫొటో తీసికొనవలెను. రాతిమీద తప్పు ఉన్నను దిద్దక, ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. తెలియని అక్షరమునకు చుక్క పెట్టవలెనే గాని ఊహించి పూరింపరాదు. తెలుగులో వ్రాసిన ప్రక్కనే తమిళము, కన్నడము, ఒరియా, మరాఠీ, ఏది పిల్లలు చదువుదురో ఆ లిపిలోను వ్రాయవలెను.

సంవత్సరము విషయములో జాగ్రత్త వలయును. ప్రభవ అని మాత్రమే యున్నచో అది 1867 కావచ్చును, 1927 కావచ్చును, 1987 కావచ్చును. తిథి, వారము రెండును ఉన్నచో పాత పంచాంగముతో పోల్చి తేల్చుకొనవచ్చును.

దహనము ఆచారమైన కుటుంబములకు రాళ్లుండవు. అట్టివారు సంఘముల పాత రిజిస్టర్లను, పెట్టెలలోని శుభలేఖలను వెదకవలెను. స్త్రీల పేర్లను తప్పక వ్రాయవలెను. అవి త్వరగా మరుగున పడుచున్నవి.

సోదరులారా! పడుగులో పోగు తెగినచో వెదకి ముడి వేయనిదే మనము మగ్గము కదలింపము. తెలుగు చదువగల పెద్దలు మన మధ్య నున్నప్పుడే ఈ పనికి పూనుకొనవలెను. మా రిజిస్టరులో ఆ ఒక్క అక్షరము ప్రక్కన ఇప్పుడు ఇంటిపేరు పూర్తిగా వ్రాయబడియున్నది. దానిని వ్రాసినది ఆ పెద్ద కుమారుడే. తెలుగు అక్షరములలోనే వ్రాసెను.

— ఒక సంఘ కార్యదర్శి