మగ్గము నెంచుకొనుట

హైదరాబాదు నగరపు అంచున నున్న అల్మాస్‌గూడ నుండి ఎల్.బి.నగరు చేరి, విజయవాడ రహదారి వెంట కొంత దూరము సాగి ఎడమకు మరలినచో భూదాన్ పోచంపల్లి వచ్చును. అచ్చటి మగ్గములను చూచిన వారికి ఒక సందేహము కలుగుట సహజము. ఇంత చిత్రమైన చీరను నేయుటకు ఎంత చిక్కైన మగ్గము కావలెనో!

వస్త్రమున నిలువు పోగులను పడుగనియు, అడ్డపోగులను పేక యనియు అందురు. పడుగులో కొన్ని పోగులు పైకి లేవగా ఏర్పడు సందులో నాడె దూరి పేకను పఱచును. పోగుల నెత్తుటకు మగ్గమున చట్రము లుండును. సాదా నేతకు రెండు చట్రములు చాలును. ఏటవాలు చారల నేతకు కనీసము మూడు కావలెను.

ప్రతి చట్రమును లేచుట, లేవకుండుట అను రెండు స్థితులు కలది. కావున నాలుగు చట్రములకు 16 విధములు కలుగును. అన్నియు లేచుట, ఒక్కటియు లేవకుండుట అను రెండును పనికిరావు గనుక 14 మిగులును. ఎనిమిది చట్రములకు ఇవి 254 అగును.

బల్లపై నుంచుకొను చిన్న మగ్గమున ఈ చట్రములను చేతిమీటలతో ఎత్తుదురు. ఏ చట్రము నైనను విడిగా ఎత్తవచ్చును. కావున నేర్చుకొనువారికిని, క్రొత్త నమూనాలు పరీక్షించువారికిని అది మిక్కిలి అనుకూలము. కాని ప్రతి పేకకును చేయి నాడెను విడిచి మీటను పట్టవలెను. అందుచే పని నెమ్మదిగా సాగును. వెడల్పును తక్కువ. చీరలు నేసి జీవించువారికి కాలితో తొక్కు మగ్గమే తగినది. అందు చేతులు నాడెకే మిగులును.

మఱి పోచంపల్లి చీరలోని చిత్రము ఎక్కడిది? అది చట్రములది కాదు, నూలుది. నేయుటకు ముందే నూలును కట్టలుగా కట్టి, అక్కడక్కడ ముడివేసి రంగులలో ముంచుదురు. దీనినే చిటికి యందురు. చిత్రము పోగులోనే యుండగా సాదా నేతయే చాలును.

అయితే అచ్చటి అసలు కష్టము మఱియొక చోట కలదు. రంగు వేయుటకు ముందు, అర్ధవలయముగా నాటిన మేకులకు నూలును చుట్టవలెను. దీనిని ఆసు పోయుట యందురు. ఒక్క చీరకే చేయి వేలసార్లు ఇటునటు కదలవలెను. ఈ పనిని పెక్కు ఇండ్లలో స్త్రీలే చేసెడివారు. భుజముల నొప్పితో బాధపడెడివారు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడు బాధను చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును రూపొందించెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించెను.

కావున మగ్గమును కొనువాడు చట్రములు ఎన్ని యని మొదట అడుగరాదు. ఏ వస్త్రము నేయవలెను? ఎవరు నేయుదురు? వారి దేహమునకు శ్రమ ఎక్కడ కలుగుచున్నది? అని అడుగవలెను. పనిని, పనిచేయువానిని ఎఱిగిన పిదపనే పనిముట్టును ఎంచుకొనుట వివేకము.