ప్రవాసం, వలస: పెనుకొండ సీమలో కొరియా ప్రవాసోద్యోగులు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: దశాబ్దాలుగా మనుషులను పరాయి ఊళ్ళకు పంపుతున్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం 2017 తర్వాత విదేశీ ఉద్యోగులకు నివాసస్థలమైంది. కొరియా ప్రవాసోద్యోగుల తొలి మజిలీ అయిన చెన్నైతో ఈ ప్రాంతాన్ని పోల్చి, 'ప్రవాసం', 'వలస' అనే మాటల మధ్య అంతరానికి చట్టపరమైన ఆధారాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రవాసోద్యోగి, వలస, సుగ్గి, సామాజిక భద్రత, పెనుకొండ.

1. ఉపోద్ఘాతం

'వలస', 'ప్రవాసం' అనే మాటలను నిఘంటుపరంగా దగ్గరి అర్థాల్లోనే గ్రహిస్తాం. వ్యవహారంలో మాత్రం రెండింటి గౌరవం ఒకటి కాదు. అమెరికాలో స్థిరపడినవారు ప్రవాసాంధ్రులు. బెంగళూరు కట్టడాల్లో పనిచేసేవారు వలసకూలీలు. రాయలసీమలో పంటకోతల కాలంలో పొరుగు ప్రాంతాలకు పనికి వెళ్ళడాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. ఈ మూడు మాటలూ దూరాన్ని కాక, వెళ్ళినవారి సామాజిక స్థాయిని సూచిస్తున్నాయి. సంస్థ పంపగా, నియమిత కాలానికి, తిరుగు ప్రయాణపు హామీతో పరదేశంలో పనిచేసే వ్యక్తిని ఈ వ్యాసంలో 'ప్రవాసోద్యోగి' అని వ్యవహరిస్తున్నాం.

2. తీరనగరంలో తొలి మజిలీ

దక్షిణ భారతంలో కొరియా ప్రవాసానికి చెన్నై ప్రధాన కేంద్రం. 1996లో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఏర్పడి, శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో కర్మాగారం నెలకొల్పింది. ప్రధాన సంస్థ వెంట విడిభాగాల సంస్థలు, వాటి వెంట ఉద్యోగులు, కుటుంబాలు, భోజనశాలలు వచ్చాయి. 2006లో ఇండో-కొరియన్ సాంస్కృతిక కేంద్రంగా ఇన్కో సెంటర్ అక్కడ ఏర్పడింది. నగరంలో కొరియా కాన్సులేట్ కూడా ఉంది.

శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయే దేశం నుంచి వచ్చినవారికి చెన్నైలో ఎండ కంటే గాలిలోని తేమే ఎక్కువ ఇబ్బంది. చెమట ఆరనందున శరీరం చల్లబడదు. అయినా మహానగరం అంతర్జాతీయ పాఠశాలలు, పెద్ద ఆసుపత్రులు, విమానాశ్రయం, ఓడరేవు సమకూర్చి ఆ కష్టాన్ని తేలిక చేసింది.

3. మెట్టసీమలో మలి మజిలీ

2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల వాహనాల సామర్థ్యంతో కర్మాగారం వెలసింది. 2019 ఆగస్టులో తొలి వాహనం సెల్టోస్ విపణిలోకి వచ్చింది.

ఇక్కడి నైసర్గిక స్థితి చెన్నైకి భిన్నం. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. ఉక్కపోత తక్కువ, నీటి ఎద్దడి ఎక్కువ. కర్మాగారానికి గొల్లపల్లి జలాశయం నుంచి నీరందించవలసి వచ్చింది. 44వ జాతీయ రహదారి, బెంగళూరు–గుంతకల్లు రైలుమార్గం, ఆ రహదారి మీదనే ఉన్న దేవనహళ్ళి విమానాశ్రయం ఇక్కడి అనుకూలాంశాలు. 1565 తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర రాజధానిగా నిలిచిన పెనుకొండలో నేడు కొరియా లిపిలో నామఫలకాలు, కొరియా భోజనశాలలు కనిపిస్తున్నాయి. అయితే మహానగరం ఇవ్వగల పాఠశాల, వైద్య సదుపాయాల కోసం ప్రవాసోద్యోగి బెంగళూరు వైపు చూడక తప్పదు. ఆ బెంగళూరు వైపే స్థానిక కూలీ కూడా పనికోసం చూస్తున్నాడు.

4. రెండు ప్రయాణాలు – రెండు చట్టాలు

కొరియా ఉద్యోగి ఉపాధి వీసాపై వస్తాడు. 180 రోజులకు మించిన వీసా గలవారు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు అధికారి వద్ద నమోదు కావాలి. అతని పింఛను హక్కును 2011 నవంబరులో అమల్లోకి వచ్చిన భారత–కొరియా సామాజిక భద్రతా ఒప్పందం కాపాడుతుంది. సంస్థ పంపిన ఉద్యోగి నియమిత కాలం వరకు స్వదేశంలో మాత్రమే చందా చెల్లిస్తే చాలు. రెండు దేశాల్లోనూ చెల్లించనక్కరలేదు. ఆ దేశానికి సంస్థ పంపే భారతీయ ఉద్యోగికీ ఈ వెసులుబాటు వర్తిస్తుంది.

ఇదే జిల్లాలోని కదిరి ప్రాంతం నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీ మార్గం వేరు. పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమనే ముద్ర ఉంటుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, గల్ఫ్ దేశాలతో సహా నిర్దేశిత దేశాలకు పనికి వెళ్ళడానికి వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. గల్ఫ్ దేశాలతో మనకు సామాజిక భద్రతా ఒప్పందం లేదు. కువైట్‌లో విదేశీ కార్మికులకు పింఛను పథకం వర్తించదు. పని ముగిసినప్పుడు దక్కే పరిహారమే ఆధారం. నివాసానుమతి కఫీలుతో, అనగా పూచీదారైన యజమానితో, ముడిపడి ఉంటుంది. యజమానితో వివాదం వస్తే జీతంతోపాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ప్రశ్నార్థకమవుతుంది.

5. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు:

1. ప్రవాసోద్యోగి సౌఖ్యం వాతావరణం కంటే అతనిని పంపిన సంస్థ, ఆదుకునే వ్యవస్థల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

2. ప్రవాసికీ వలసకూలీకీ మధ్య భేదం నైపుణ్యం ఒక్కదానితో ఏర్పడింది కాదు. అనుమతిపత్రం, ఒప్పందం, పింఛను హక్కు కలిసి దానిని నిర్మిస్తున్నాయి.

3. క్షేత్ర పరిశోధనలో 'వలస' అనే మాటను ఒక వర్గానికే పరిమితం చేస్తే ఈ నిర్మాణం మరుగున పడుతుంది. ప్రశ్నావళిలో ఎవరు పంపారు, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది, వృద్ధాప్యానికి ఆధారమేమిటి అనే మూడు ప్రశ్నలను ఉభయులకూ సమానంగా వేయడం అవసరం. వాటికి లభించే సమాధానాల్లోని తేడాయే ఈ రెండు మాటల మధ్య ఉన్న అసలు దూరం.