చిన్నచేతికి తగిన బేస్ గిటారు

పోయిన సంక్రాంతికి మా యన్నగారి కుమార్తె విశాఖపట్టణమునుండి మా యింటికి వచ్చినప్పుడు ఆమె యెడమ మణికట్టునకు పట్టీ కట్టియుండెను. కళాశాలలోని సంగీతబృందమున నామె ఎలెక్ట్రిక్ బేస్ గిటారు వాయించును. ఆఱు మాసములుగా మణికట్టునొప్పి. వైద్యులు పరీక్షించి, ఎముకయందు దోషము లేదనియు, చేతిని మితిమీఱి చాచి వంచుటచేత కలిగిన శ్రమయే కారణమనియు చెప్పి, కొన్ని వారములు విశ్రాంతి నిమ్మనిరి. మా వదిన "ఇది ఆడపిల్లల చేతికి లొంగే వాద్యం కాదమ్మా, అమ్మివేసి ఏ వయొలీనో నేర్చుకో" అని తీర్మానించియే వచ్చినది. వాద్యము కొన్న దుకాణమున పొట్టిరకము చూపుమని యడిగినప్పుడు "అవి పిల్లల ఆటవస్తువులు" అని త్రోసివేసిరట.

ఆ రాత్రి పిల్ల నాతో ఒక్కమాట యన్నది: "అత్తయ్యా, నా చెయ్యి చిన్నదని అందఱూ అంటారు. ఆ దండి పొడుగని ఒక్కరూ అనరు."

నేను చిన్ననాడు వీణ నేర్చినదానను గనుక ఆ మాట నాకు గట్టిగా తగిలినది. ఆ తరువాతి రెండు నెలలలో మే మిరువురము తెలిసికొన్నదియు, చేసినదియు సోదరీమణులకు విన్నవించుచున్నాను. మీ యిండ్లలోను ఇట్టి పిల్ల యుండవచ్చును గదా.

బేస్ గిటారునకు సాధారణముగా నాలుగు తీగెలు. మామూలు గిటారులోని లావుతీగెలు నాలుగింటి స్వరములనే యివి ఒక స్థాయి క్రిందుగా పలుకును. అన్నిటికంటె లావుతీగె సెకనునకు సుమారు 41 మారులు కంపించును. చెవికంటె ముందు ఱొమ్మునకు తెలియు ధ్వని యది. వీణలోని మేరువు, మెట్లు, గుఱ్ఱము, బిరడలు అనువానికి సరియైన భాగములన్నియు నిందును కలవు గనుక ఆ పేళ్లనే వాడెదను. మేరువు మొదలు గుఱ్ఱము వఱకు తీగె పలుకు పొడవును స్కేలు అందురు. పెద్దరకమున నిది 34 అంగుళములు. పొట్టిరకమున 30, లేక ఇంచు కెక్కువ.

నాలుగంగుళములే గదా యని మా వదినయు ననినది. మొదటి మెట్టునుండి నాలుగవ మెట్టు వఱకు మెట్టున కొక్కటిగా నాలుగు వ్రేళ్లను పఱచి చూడుడు. పెద్దదానిలో చేయి 5.1 అంగుళములు సాగవలెను. పొట్టిదానిలో 4.5 చాలును. చిటికెనవ్రేలికి ఆ అరయంగుళమే ప్రాణము! పైగా మొదటి మెట్టు దేహమునకు దగ్గఱగును గనుక మోచేతిని అంత చాచనక్కఱలేదు. మణికట్టును అంత వంచనక్కఱలేదు.

ఆటవస్తువు అను మాటకు ఆధారమేమో యని విచారించితిని. 1930 దశకపు నడిమి కాలమున అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అనునాయన ఆడియోవాక్స్ అను పేర మెట్లుగల ఎలెక్ట్రిక్ బేస్ నొకదానిని చేసి విక్రయించెను. దాని స్కేలు 30 అంగుళములకు కొంచె మెక్కువ మాత్రమే. దానిని కచేరీలలో వాయించినవారిలో ఆయన భార్య యొకతె. అనగా నీ జాతికి మొట్టమొదటి వానిలో నొకటి పొట్టిదే, దానిని చేతబట్టినది స్త్రీయే. 1951లో లియో ఫెండర్ 34 అంగుళముల ప్రిసిషన్ బేస్‌ను తెచ్చిన పిమ్మట ఆ కొలతయే ప్రమాణమై కూర్చున్నది. అయినను గిబ్సన్‌వారు 1953లో 30 1/2 అంగుళముల బేస్ చేసిరి. జర్మనీదేశపు హోఫ్నర్‌వారి వయొలీను ఆకారపు బేస్ 30 అంగుళములది. బీటిల్స్ బృందములోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్ నగరమున దానిని కొని, ప్రపంచమంతయు వినునట్లు వాయించెను. ఆ వాద్యము 1972లో దొంగల పాలై, తిరిగి దొరకినదని 2024లో ప్రకటింపబడినది. ఇంతకు నపవాదమునకు మూల మెక్కడ ననగా, 1966లో ఫెండర్‌వారు తెచ్చిన 30 అంగుళముల ముస్టాంగ్ బేస్ నేర్చుకొను విద్యార్థులకని యుద్దేశింపబడినది. ఆ ముద్ర పోలేదు. టాకింగ్ హెడ్స్ అను బృందమున టీనా వేమౌత్ అను నామె ఆ ముస్టాంగ్‌తోనే పేరు గాంచినది. అది ఆటవస్తు వనుటకు ఎవరికి నోరు వచ్చునో తెలియదు.

పొట్టిదానిలో కొఱత లేదని నే ననను. ఒకే తీగెను ఒకే శ్రుతికి బిగించినప్పుడు, పొడవు 34 నుండి 30కి తగ్గినచో బిగువు నూటికి 22 వంతులు తగ్గును. తీగె వదులై మెట్లకు తగిలి గరగరలాడును. అన్నిటికంటె లావైన తీగె మొద్దుగా పలుకును. తక్కిన తీగెల ధ్వని మాత్రము గుండ్రముగా, మెత్తగా నుండును. నాకు అదియే యింపు. స్పష్టమైన గంటవంటి నాదము కోరువారికి పెద్దదే మేలు.

కొనబోవువారు కన్నులతో గాక చేతితో ఎన్నుకొనవలెను. కుర్చీలో పాదములు నేల కానించి కూర్చుండి, మొదటి నాలుగు మెట్లలోనే పది నిమిషములు వాయించుడు. మణికట్టు నిటారుగా నున్నదా? పిమ్మట నిలువబడి పట్టీ వేసికొని రెండుచేతులును వదలుడు. కొన్నిటికి తల బరువై దండి నేలవైపు వ్రాలును. అప్పుడు ఎడమచేయి వాయించుటకు బదులు మోయుచుండును. ప్రతి తీగెను ప్రతి మెట్టుపైనను పలికించుడు. రంగు చివర చూచుకొనవచ్చును. పొట్టిదైనంత మాత్రమున తేలిక యనుకొనరాదు. హోఫ్నర్ లోపల బోలు గనుక తేలిక, గట్టిచెక్కతో చేసినవి భుజమునకు తెలియును.

మా కొక పాత స్క్వయర్ బ్రాంకో బేస్ దొరకినది. 30 అంగుళములది, ఒకరు వాడి విడిచినది. దండి బాగు, వెల స్వల్పము, తక్కిన దంతయు చౌకపని. దానికి మేము చేసిన మార్పులు చెప్పెదను.

మొదట తీగెలు. పెద్ద బేస్‌కు వాడు 0.105 అంగుళముల లావుతీగె బిగువే పొట్టిదానిపై కావలెనన్న సుమారు 0.119 లావు వలయును. అంతవఱకు పోక, కొంచెము లావైనవానిని, పైన చదునైన లోహపుపట్టీ చుట్టినవానిని వేసితిమి. అవి వ్రేళ్లను కోయవు, జాఱునప్పుడు కీచుమనవు. పొట్టిస్కేలునకని చేసినవే కొనుడు. పొడవుతీగెను తెచ్చినచో దాని లావుభాగము బిరడకు చుట్టుకొని విఱుగవచ్చును. నేను తెలియక ఒక తీగెను వంచకుండనే కొన కత్తిరించితిని. పైచుట్టు లోపలి కమ్మిపై జాఱి, తీగె చచ్చినట్లు పలికినది. దాని వెల నా తెలివితక్కువకు చెల్లించిన సుంకము. ముందు వంచి, ఆ వంపునకు ఆవల కత్తిరింపవలెను.

లావుతీగెలకు మేరువులోని గాళ్లు ఇఱుకైనవి. సన్నని ఆకురాయితో వెడల్పు చేసితిమి. లోతు చేయరాదు, లోతైనచో తీగె మొదటి మెట్టును తాకి గరగరలాడును, మేరువునే మార్చవలసి వచ్చును. బిగువు మాఱుటచేత దండి కొంచెము వంగినది. దండిలో ట్రస్ రాడ్ అను ఇనుపకమ్మి యున్నది. దాని కొనను ఒక్కసారికి పావుచుట్టు మాత్రమే త్రిప్పి, ఒక రాత్రి ఆగి చూడవలెను. పచ్చడి ఊరనిచ్చు ఓర్పు గల మనకు ఇది కష్టము కాదు.

ఆ పాతదాని గుఱ్ఱమున నాలుగు తీగెలకు రెండే మెట్టలు. జంటతీగెలు ఒకే మెట్టపై నుండుటచేత ఒకదాని శ్రుతి సరిచేసిన రెండవది చెడును. నాలుగు మెట్టలు గల గుఱ్ఱము తెప్పించి, మరల రంధ్రములు సరిపోవునో లేదో కొలిచి, మా వీథి వడ్రంగిచేత బిగింపించితిమి. ఇక సరిచేయుట సులభము. పండ్రెండవ మెట్టుపై తీగెను మెల్లగా తాకి పలికించిన స్వరమును, అదే మెట్టుపై నొక్కి పలికించిన స్వరమును పోల్చవలెను. నొక్కినది హెచ్చుగా పలికినచో మెట్టను వెనుకకు జరుపవలెను. తగ్గుగా పలికినచో ముందునకు.

తీగెల కంపమును విద్యుత్తుగా మార్చు పికప్ అనుదానిని చాలమంది మొట్టమొదటనే మార్తురు. నాలుగు తీగెల వాద్యమునకు ఆఱు అయస్కాంతపు మొనలు గల గిటారు పికప్‌ను పెట్టిన బ్రాంకోను చూచిన నెవరికైనను మార్చబుద్ధి పుట్టును. కాని తీగెలును, గుఱ్ఱమును సరియైన పిమ్మట దాని ధ్వనియే మాకు చాలినది. లోపలి గుంటకు రాగిరేకు అంటించి భూమితీగెకు కలిపితిమి. ఝుమ్మను రొద కొంత తగ్గెను. ఆంప్లిఫయరు ప్లగ్గునకు మూడవకడ్డీ యున్నదా, గోడలోని భూమితీగె నిజముగా పనిచేయునా యని ఎలెక్ట్రీషియనుచేత చూపింపుడు. వాయించువారి చేయి ఎల్లప్పుడు లోహమును తాకియే యుండును గనుక ఇందు ఉపేక్ష కూడదు. తల వ్రాలకుండుటకు లోపలివైపు గరుకు తోలు గల వెడల్పుపట్టీ చాలినది.

చిన్నవాద్యము ఔషధము కాదు. అమ్మాయి వైద్యులు చెప్పిన విశ్రాంతి ముగించి, మొదట దినమునకు పది నిమిషములు, పిదప ఇరువది నిమిషములు వాయించినది. తిమ్మిరి యెక్కినచో ఆపుటయే నియమము. జూలైలో కళాశాల యుత్సవమున నలుబది నిమిషములు వాయించి, మఱునాడు ఫోనులో మొదట చెప్పినది పాటల సంగతి కాదు, చేయి నొప్పిలేదని. మా వదిన ముందువరుసలో కూర్చున్నదట. కుర్చీ అదరినదని ఆమె ఫిర్యాదు.

తీసివేసిన పాతగుఱ్ఱమును పాఱవేయలేదు. ఎన్నడైన వాద్యము నమ్మవలసివచ్చినచో అసలు భాగములున్న మంచివెల వచ్చును. అది నా కుట్టుపనిపెట్టెలో బొత్తాముల క్రింద నున్నది.